బోడీ నుంచి మా అబ్బాయి జేబులో వచ్చిన మేకు, ఏం చేయమంటారు?

వెన్నెల_వాకిలి:

పోయిన నెల కాలిఫోర్నియాలోని బోడీ చూసొచ్చాం, జనం ఎప్పుడో వదిలేసి వెళ్ళిన బంగారు గనుల ఊరు. బ్రిడ్జ్‌పోర్ట్ దాటాక 395 హైవే వదిలేసి తూర్పుకి 13 మైళ్ళు లోపలికి పోవాలి. చివరి మూడు మైళ్ళూ మట్టిరోడ్డే. పేరు మన తెలుగువాళ్ళు పెట్టినట్టే ఉంది, చుట్టూ ఒక్క చెట్టు లేని బోడి కొండలు. మధ్యలో వందకు పైగా కొయ్య కట్టడాలు, ఎండకి మాడి గోధుమరంగు తిరిగాయి. బడి కిటికీలోంచి చూస్తే బల్లలు, గ్లోబు అలాగే ఉన్నాయి. దుకాణంలో అరల నిండా డబ్బాలు. నాకు చాలాసేపు మాట రాలేదు.

ఇంటికొచ్చి బట్టలు ఉతకబోతుంటే మా తొమ్మిదేళ్ళ అబ్బాయి జేబులో తుప్పు పట్టిన మేకు ఒకటి దొరికింది. కింద పడి ఉంటే తీసుకున్నాడట. తీయకూడదని గేటు దగ్గర చెప్పారు, వాడు వినలేదు. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. ఒక్క మేకుతో ఏమవుతుంది అని మావారు అంటున్నారు. వెనక్కి పంపాలా? ఇంకో సంగతి, అంత విలువైన ఊరైతే ఆ ఇళ్ళు బాగుచేసి రంగులెందుకు వేయరు? ఒక హోటల్ పక్కకి ఒరిగిపోయి కర్రల ఊతం మీద నిలబడి ఉంది.

పాతకొయ్య:

పంపండి. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను. పాత కొయ్య ఇళ్ళ మరమ్మతే నా పని, బోడీకి ఇప్పటికి ఐదుసార్లు వెళ్ళాను.

ముందు ఆ మేకుని వేళ్ళ మధ్య తిప్పి చూడండి. పలకలుగా, కొసకి పోయేకొద్దీ సన్నబడుతూ ఉంటే అది ఇనుప రేకు నుంచి యంత్రంతో కోసిన మేకు. అమెరికాలో 1890ల దాకా ఎక్కువగా వాడింది వాటినే. గుండ్రంగా ఉందంటే తీగతో చేసినది, ఆ తర్వాతి కాలం నాటిది. ఒక ఇంట్లో ముందు గదికి పలక మేకులు, వెనక వసారాకి గుండ్రటివి ఉంటే ఆ వసారా తర్వాత అతికించిందని మాకు తెలిసిపోతుంది. కాగితం మీద ఎక్కడా రాసిలేని సంగతి అది. మీ ఇంట్లో ఉన్న మేకు ఇనుపముక్క. అక్కడున్నప్పుడు అది సాక్ష్యం.

1859లో ఆ కొండల్లో బంగారం కనిపెట్టిన బోడీ అనే ఆయన, ఆ చలికాలమే మంచు తుఫానులో చనిపోయాడు. ఊరు వెలిగింది చూడలేదు. 1876లో స్టాండర్డ్ అనే గనుల కంపెనీకి మంచి బంగారు పొర దొరికాక జనం విరగబడ్డారు. 1880 నాటికి ఏడెనిమిది వేల మంది, దాదాపు 2,000 కట్టడాలు. 8,375 అడుగుల ఎత్తున కలప దొరకదు కదా, అందుకని 1881లో మోనో మిల్స్ అడవి నుంచి కలప తేవడానికే ఒక రైలుమార్గం వేశారు. 1890ల్లో గ్రీన్ క్రీక్ దగ్గర నీటితో కరెంటు పుట్టించి, 13 మైళ్ళ తీగ మీద రాళ్ళు దంచే మిల్లుకి తెచ్చారు. వంపు దగ్గర కరెంటు బయటికి దూకుతుందేమోనని తీగని తిన్నగా వేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

బంగారం తగ్గేకొద్దీ జనం కదిలారు. బండిలో పట్టినంత తీసుకుని మిగతాది వదిలేశారు. మీరు చూసిన గ్లోబు, డబ్బాలు అలా మిగిలినవే. 1932 మంటల్లో ఊరు చాలావరకు తగలబడింది, మీరు చూసింది మిగిలిన కొంచెమే. 1942లో యుద్ధం కారణంగా ప్రభుత్వం బంగారు గనులు మూయించింది, పోస్టాఫీసూ అదే ఏడు మూతపడింది. ఊళ్ళో చాలా ఆస్తి అప్పటికే కేన్ కుటుంబం చేతిలో ఉంది. వాళ్ళు కాపలా పెట్టబట్టి ఊరు దొంగల పాలు కాలేదు. 1962లో రాష్ట్రం తీసుకుని పార్కు చేసింది.

రంగుల సంగతి. అక్కడ పాటించే పద్ధతిని అరెస్టెడ్ డికే అంటారు. అంటే శిథిలమవడాన్ని ఉన్నచోట ఆపడం. కప్పు కారితే కప్పు సరిచేస్తారు, అద్దం పగిలితే అద్దం వేస్తారు, పునాది దుంగ కుళ్ళితే మారుస్తారు. అంతే. పార్కు చేతికి వచ్చినప్పుడు ఎలా కనిపించిందో అలాగే కనిపించాలి. మీరు చూసిన ఆ ఒరిగిన స్వేజీ హోటల్‌ని నిటారుగా నిలబెట్టరు, ఇంకా ఒరగకుండా పట్టి ఉంచుతారు. ఇది కొత్తగా కట్టడం కన్నా కష్టమైన పని. మంచు బరువు, గాలి, భూకంపాలు ప్రతిసారీ కొంత లాగేస్తుంటాయి. 2016 డిసెంబరులో భూమి కంపించినప్పుడూ కొన్ని కట్టడాలు దెబ్బతిన్నాయి. ఆ ఊరు నాకెంత ఇష్టమో, దాన్ని అలా పట్టి ఉంచేవాళ్ళంటే అంత గౌరవం.

ఎండమావి_72:

పాతకొయ్యగారి మాట కాదనను కానీ, కాలికో కూడా చూడండి. మొహావీ ఎడారిలో 1881లో మొదలైన వెండి గనుల ఊరు. 1950ల్లో నాట్స్ బెర్రీ ఫామ్ అనే వినోద పార్కు పెట్టిన వాల్టర్ నాట్ కొని చాలావరకు 1880ల నాటి పద్ధతిలో తిరిగి కట్టించాడు, 1966లో కౌంటీకి ఇచ్చేశాడు. మా పిల్లలు అక్కడ లోపలికి వెళ్ళి, తాకి, అడిగి తెలుసుకున్నారు. బోడీలో కిటికీలోంచి చూడ్డమే ఎక్కువ. పిల్లలున్నవాళ్ళకి రెండూ కావాలి.

పాతకొయ్య:

పిల్లల విషయంలో నిజమే. కాకపోతే కాలికోలో అసలు కట్టడాలు మిగిలింది ఐదే. అక్కడ పోయింది మళ్ళీ కట్టొచ్చు, బోడీలో పోతే పోయినట్టే.

వెన్నెల_వాకిలిగారూ, బాబుని తిట్టకండి. ఇలా తీసుకెళ్ళి ఉత్తరంతో సహా తిరిగి పంపినవాళ్ళు చాలామందే ఉన్నారు. వస్తువు తీస్తే శాపం తగులుతుందని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. ఆ భయం వాడికి పెట్టొద్దు. మేకుని కడగొద్దు, తుప్పు గీకొద్దు. చిన్న డబ్బాలో దూది మధ్య పెట్టి పార్కు ఆఫీసుకి పోస్టు చేయండి. ఎక్కడ దొరికిందో మాత్రం తప్పకుండా రాయండి, అది లేకపోతే సగం విలువ పోతుంది.

వెన్నెల_వాకిలి:

చూశాను, పలక మేకే. వాడిని కూర్చోబెట్టి అడిగాను. చర్చి దాటాక కుడివైపు, తలుపు లేని చిన్న ఇల్లు, మెట్టు పక్కన అన్నాడు. వాడే పెన్సిల్‌తో మ్యాప్ గీశాడు, చర్చికి గంట గోపురం కూడా పెట్టాడు. ఉత్తరం తెలుగులో రాస్తానంటున్నాడు. కింద ఇంగ్లీషులో నేను రాస్తాను. సోమవారం పోస్టు చేస్తున్నాం.