ఇస్త్రీ, మేస్త్రీ మన మాటలేనా?

పదాలపుట్ట: మా అమ్మాయి తెలుగు పరీక్షలో 'ఇస్త్రీ' అని రాస్తే అన్యదేశ్యమని అర మార్కు కోశారు. పోర్చుగీసు 'ఎస్తిరార్' నుంచి వచ్చిందట. మరి ఇంకేం రాయాలి?

గోదారిగట్టు: పోర్చుగీసని ఎవరు తేల్చారు? ఎస్తిరార్ అంటే సాగదీయడం. ఇస్త్రీ చేయడాన్ని వాళ్లు 'పసార్ అ ఫెర్రు' అంటారు. ఫెర్రు అంటే ఇనుము. ఆ పనికి వాళ్లే వాడని మాట మనకెలా ఇచ్చారు? సంస్కృతంలో 'స్తృ' అంటే పరచడం. విస్తరించడం అందులోంచి వచ్చిందే. బట్ట పరిచి చేసే పని కాబట్టి ఇదీ అంతే.

రాతికట్టు: ఊరు మారితే మాటకి అర్థం మారడం మామూలే. అలమార, తువాలు, మేస్త్రీ అన్నీ పోర్చుగీసు ఓడల్లో వచ్చినవే. మలేషియా వాళ్లదీ అల్మారీయే.

గోదారిగట్టు: నేనడిగింది ఇస్త్రీ గురించి. అలమార సంగతి ఎందుకు?

చిరుగాలి: మా ఇంట్లో 'బట్టలు పెట్టెకిచ్చా' అంటాం, గొడవే లేదు.

రాతికట్టు: సరే, స్తృ ధాతువుని బట్టలు వేడితో చదును చేయడానికి వాడిన చోటు సంస్కృతంలో ఒక్కటి చూపండి.

పదాలపుట్ట: అయ్యా, అర మార్కు సంగతి ఎవరూ మాట్లాడరేం?

గోదారిగట్టు: ధాతువు తేలితే మార్కు అదే వస్తుంది. సంస్కృతమైతే తప్పు కాదు కదా.

రాతికట్టు: అదిగో, అక్కడే నాకు మండుతుంది. సంస్కృతమైతే మనది, ఓడ దిగితే పరాయిదా? ఏడో తరగతిలో 'మా నాన్న మేస్త్రీ' అని వ్యాసం మొదలుపెడితే మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేసి 'గృహనిర్మాత' అని రాశారు. ఇంట్లో చదివి వినిపిస్తే నాన్న 'నేనెప్పుడయ్యాన్రా అది?' అన్నాడు. చేతుల మీద సిమెంటు ఇంకా కడుక్కోలేదు. పోర్చుగీసు మెస్త్రె, ఇంగ్లీషు మాస్టర్ రెండూ లాటిన్ 'మగిస్తెర్' పిల్లలే. బళ్లో మాస్టారు ఉండొచ్చు, గోడ కట్టే మేస్త్రీ ఉండకూడదా?

గోదారిగట్టు: మీ నాన్నగారిని నేనేమీ అనలేదండీ. మా తాతగారు దిండు పక్కన నిఘంటువు పెట్టుకుని పడుకునేవారు. మాటలు ఒక్కొక్కటే పోతుంటే ఆయన పడ్డ బాధ చూశాను. మా మనవడు ఇప్పటికే 'ఐరన్ చెయ్' అంటున్నాడు. నా భయం అదీ.

పదాలపుట్ట: మరి మీ మనవడు ఇస్త్రీ అనాలంటే ముందు దాన్ని తప్పుల్లోంచి తీయాలి కదా. సోమవారం టీచర్‌ని కలుస్తున్నా.

రాతికట్టు: కలిసొచ్చాక ఇక్కడ చెప్పండి.