మెమెంటోలో కథ వెనక నుంచి చెప్పడం అవసరమా?

రాయగడ శ్రీను: ఆదివారం రూమ్‌లో నలుగురం కూర్చుని హాలీవుడ్ దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ 2000లో తీసిన మెమెంటో సినిమా చూశాం. భార్యను చంపినవాడి కోసం లెనార్డ్ తిరుగుతుంటాడు. కొత్త విషయం ఏదైనా కాసేపటికే మర్చిపోతాడు. ఫోటోలు, ఒంటి మీద పచ్చబొట్లు, ఇవే ఆధారం. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు నాకు. పగ కథ ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

పర్లాకిమిడి మాస్టారు: 2005లో సూర్య గజినిలో ఆ ఫోటోలూ పచ్చబొట్లూ ఉన్నాయి కదా. ప్రేమకథ ఉంది, చంపాల్సినవాడు ఎవడో తెలుస్తుంది, మనసు నిండుతుంది. ఇందులో మొదటి సీన్‌లోనే చంపేశాడు. ఇక టెన్షన్ ఎక్కడిది?

గుణుపురం లక్ష్మి: తెలుగులో దొరుకుతుందా? నేను ఒడియా మీడియం, ఇంగ్లీషు అంత వేగంగా అందదు.

రాయగడ శ్రీను: ఎవడిని చంపాడన్నది కాదు మాస్టారూ, ఎందుకు చంపాడన్నదే టెన్షన్. వరసగా చెబితే మనం లెనార్డ్ కన్నా ముందుంటాం. వెనక నుంచి చెప్పేసరికి ప్రతి సీన్‌లో అతనిలాగే మనకూ ‘ఇక్కడికి ఎలా వచ్చాను’ అనిపిస్తుంది.

బరంపురం రవి: అన్నీ వెనక్కి పోవు. రంగుల సీన్లు వెనక్కి, బ్లాక్ అండ్ వైట్ సీన్లు ముందుకు. చివర్లో కలుస్తాయి. కొనేవాళ్లు లేక, డబ్బు పెట్టిన న్యూమార్కెట్ సంస్థే అమెరికాలో సొంతంగా విడుదల చేసుకుంది. తర్వాత స్క్రీన్‌ప్లేకి, ఎడిటింగ్‌కి ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి.

పర్లాకిమిడి మాస్టారు: నామినేషన్ వస్తే నాకు నచ్చాలా? తిప్పి చెప్పడం గారడీ. వరసలో పెడితే మామూలు కథే.

రాయగడ శ్రీను: అసలు మీరు పూర్తిగా చూశారా? నాలుగు రోజులుగా ఆ మొదటి సీన్ దగ్గరే ఉన్నారు.

పర్లాకిమిడి మాస్టారు: లేదు. గంట చూసి ఆపేశాను. ఎందుకో వినండి. నా చిన్నప్పుడు కళ్లంలో మా పెదనాన్న వరికుప్ప తగలబడింది. గట్టు తగాదా ఉన్న పక్క పొలం రైతే చేశాడని నమ్మాడు. అతను ఏ రోజు ఎటు వెళ్లాడో, ఎవరితో మాట్లాడాడో 18 ఏళ్లు ఒక పుస్తకంలో రాశాడు. కోర్టు ఖర్చులకు పొలం పోయింది. ఆయన పోయాక పుస్తకం తెరిచాను. కుప్ప కాలిన రాత్రి ఆ రైతు బరంపురంలో ఆస్పత్రిలో ఉన్నాడని పెదనాన్నే రాసుకున్నాడు. రాసి, కొట్టేశాడు. అలాంటి మనిషి కథ బాగుంది, నిద్ర పట్టలేదు అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

రాయగడ శ్రీను: క్షమించండి మాస్టారూ, తెలియక గట్టిగా అన్నాను. కానీ మీరు ఆపేసిన తర్వాత వచ్చేది అదే. మొదటి సీన్‌లో లెనార్డ్ చంపేది టెడ్డీనే. నువ్వు వెతికేవాణ్ణి ఎప్పుడో చంపేశావని ఆ టెడ్డీ అతనికి నిజం చెబుతాడు. అది మోయలేక లెనార్డ్ టెడ్డీ కారు నంబరునే హంతకుడి నంబరుగా రాసుకుంటాడు. సినిమా అతన్ని మెచ్చుకోలేదు, పట్టించింది. నన్ను పట్టుకున్నదీ అదే.

పర్లాకిమిడి మాస్టారు: అతనికి జబ్బు ఉంది. సినిమా అతనికి సాకు ఇచ్చింది. మా పెదనాన్నకు అన్నీ గుర్తున్నాయి.

రాయగడ శ్రీను: ఆ నంబరు రాసుకునే నిమిషంలో లెనార్డ్‌కీ గుర్తున్నాయి. మర్చిపోతానని తెలిసే రాశాడు. సాకు ఎక్కడుంది?

గుణుపురం లక్ష్మి: ఆ పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గరుంది మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు: మా పెద్దమ్మ దగ్గరమ్మా. దేవుడి గూట్లో పెట్టుకుంది. ఆమెకు చదువు రాదు.