నల్ల ఛార్జర్ కారు తలుపులో నేనే కనిపిస్తున్నాను, నా పోలరైజర్ పాడైందా?

క్రోమ్‌పిచ్చి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి వెళ్లాను, అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఏటా జరిగే పాత కార్ల ఊరేగింపు అది. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా రోడ్డంతా పాత బండ్లే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా 400 పైగా ఫోటోలు తీశాను గానీ నా మనసంతా ఒక్క కారు మీదే ఉంది. 1969 డాడ్జ్ ఛార్జర్, నిగనిగలాడే నలుపు. ముందు గ్రిల్ మధ్యలో రెండుగా చీలి ఉంది, వెనక రెండు పొడవాటి ఎర్ర లైట్లు. 68 మోడల్‌కి వెనక గుండ్రటి లైట్లుంటాయి కాబట్టి దూరం నుంచే 69 అని గుర్తుపట్టాను. చిన్నప్పుడు నోట్‌బుక్ అట్ట మీద అంటించుకున్న బొమ్మ అదే. ఇన్నేళ్లకి ఎదురుగా నిలబడితే చేతులు వణికాయి.

ఇంటికొచ్చి చూసుకుంటే ఏడుపొక్కటే తక్కువ. తలుపు మీద నా పసుపు చొక్కా, పక్కనున్న నీలం టెంటు, ఎవరివో నాలుగు కాళ్లు. నలుపు బూడిద రంగులోకి వచ్చింది. పోలరైజర్ (మెరుపు తగ్గించడానికి లెన్స్ ముందు పెట్టి తిప్పే ఫిల్టర్) ఎంత తిప్పినా బంపర్ మీద మెరుపు అలాగే ఉంది. పైగా కారు వెనక కిటికీ అద్దంలో వరసగా మచ్చలు వచ్చాయి, కంటికి మాత్రం అవి కనిపించలేదు. ఫిల్టర్ కొని నెల కూడా కాలేదు. ఇది పాడైందా, లేక నేనే తప్పు చేస్తున్నానా? దయచేసి వివరంగా చెప్పండి.

పాతలెన్స్

తమ్ముడూ, నీ ఫిల్టర్ బంగారంలా ఉంది, మార్చకు. నువ్వు చూసినవన్నీ అది సరిగ్గా పని చేసినప్పుడు కనిపించేవే.

ముందు బంపర్ సంగతి. పెయింటు, గాజు, నీళ్లు లాంటి వాటి మీద పడి ఏటవాలుగా తిరిగొచ్చే కాంతి ఒక దిశలోనే ఊగుతుంది. పోలరైజర్ ఆపగలిగేది దాన్నే. క్రోమ్ లోహం. లోహం మీద నుంచి వచ్చే కాంతి అలా ఒక దిశకి సర్దుకోదు, కాబట్టి ఎంత తిప్పినా బంపర్ మారదు. అది మారాలంటే బంపర్‌లో ఏం కనిపిస్తోందో అదే మారాలి. రెండడుగులు పక్కకి జరిగితే చాలాసార్లు పని అయిపోతుంది.

వెనక అద్దంలో మచ్చలు కూడా పోలరైజర్ సరిగ్గా పని చేయడం వల్లే. పక్క కిటికీల అద్దాలు, వెనక అద్దం వేడి చేసి ఒక్కసారిగా గాలి కొట్టి చల్లార్చిన గాజు. ఆ గాలి తగిలిన చోటల్లా గాజులో బిగువు మిగిలిపోతుంది. ఆకాశపు కాంతి దాని గుండా పోలరైజర్‌లోకి వస్తే ఆ బిగువు మచ్చలుగా బయటపడుతుంది. ముందు అద్దం రెండు పొరలు అతికించిన గాజు కాబట్టి అందులో రావు. ఈసారి ఫిల్టర్ కొద్దిగా వెనక్కి తిప్పు, మచ్చలు తగ్గుతాయి.

ఇక అసలు విషయం. నల్ల కారుకి సొంత రంగంటూ లేదు, చుట్టూ ఉన్నదే దాని రంగు. అది నాలుగు చక్రాల అద్దం అనుకుని తీయాలి. క్యారమ్ బోర్డులో స్ట్రైకర్ అంచుకి తగిలి ఎటు పోతుందో లెక్క వేస్తాం కదా, నేను తలుపు దగ్గర అదే లెక్క వేస్తాను. నా చూపు తలుపుకి తగిలి ఎటు తిరుగుతోంది, అక్కడ ఏముంది? తలుపుకి ఎదురుగా నిలబడితే చూపు తిరిగి నా మీదకే వస్తుంది. అందుకే నీ చొక్కా అంత స్పష్టంగా పడింది. ముందు మూల నుంచి ఏటవాలుగా తీస్తే చూపు వెనక వైపుకి పోతుంది. అక్కడ టెంట్లు లేకుండా ఖాళీ ఆకాశం ఉంటే చాలు. నేను పదేళ్లుగా కార్ల దగ్గరికి నల్ల చొక్కాతోనే వెళ్తున్నాను.

దూరం కూడా ముఖ్యం. ఫోన్ వైడ్ లెన్స్‌తో దగ్గరగా తీస్తే ముక్కు ఉబ్బిపోయి, వెనక భాగం పిల్లికూనలా అయిపోతుంది. ఛార్జర్ అందమంతా నడుము దగ్గర సన్నబడి వెనక చక్రం మీద మళ్లీ పొంగే ఆ ఒంపులో ఉంది. దాన్ని పాడుచేయడం నాకు నిజంగా బాధనిపిస్తుంది. కారంతా ఫ్రేములో పట్టేంత వెనక్కి వెళ్లి, లెన్స్‌ని 100 ఎంఎం జూమ్ దగ్గర పెట్టి తియ్యి.

సూర్యుడు దిగాక పదిహేను, ఇరవై నిమిషాలు ఆగు. పడమటి ఆకాశం ఒకే పెద్ద తెల్లటి దుప్పటిలా ఉంటుంది. కారు పక్క భాగం పడమటికి తిరిగి ఉంటే, ముందు ఫెండర్ (చక్రం మీది రేకు) మొదలు వెనక లైటు దాకా ఒకే గీతలా వెలుగు పారుతుంది. ఆ గీత ఎక్కడా తెగకుండా, వంకర పోకుండా ఉందంటే రేకు పని బాగా జరిగిందని కూడా తెలిసిపోతుంది. పోలరైజర్ పూర్తిగా తిప్పి ఆ వెలుగంతా తీసేయకు. మెరుపు పోతే కారు బొగ్గు ముద్దలా కనిపిస్తుంది. సగం తిప్పి ఆపు.

నలుపు బూడిదగా రావడం కెమెరా లెక్క. ఫ్రేమంతా నలుపుంటే వెలుగు సరిపోలేదనుకుని అది పెంచేస్తుంది. కెమెరాలో వెలుగు సవరణ (ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్) మైనస్ 1 దగ్గర పెట్టి చూడు.

రైలుబండి

నేను ఎక్కువగా ఆవిరి ఇంజన్లు తీస్తాను. యూనియన్ పసిఫిక్ వాళ్ల బిగ్ బాయ్ 4014 2019లో మళ్లీ పట్టాలెక్కిన దగ్గర్నుంచి దాని వెనకే తిరుగుతున్నాను. అదీ నలుపే, పాతలెన్స్ గారు చెప్పిన ప్రతి ముక్కా దానికీ వర్తిస్తుంది.

కదిలే కార్ల గురించి ఒక్క మాట. చాలామంది షట్టర్ వేగం 1/500 సెకను పెట్టి తీస్తారు. చక్రం ఆకులు గడ్డకట్టినట్టు ఆగిపోయి, కారు పార్కింగ్‌లో ఉన్నట్టుంటుంది. గంటకి 30 మైళ్ల వేగంలో ఇలాంటి కారు చక్రం సెకనుకి ఆరు చుట్లకి పైనే తిరుగుతుంది. 1/60 పెడితే షట్టర్ తెరిచి ఉన్నంతలో చుట్టులో దాదాపు పదో వంతు తిరుగుతుంది, ఆకులు అందంగా అలికినట్టు వస్తాయి. కాళ్లు కదపకుండా నడుము మాత్రమే తిప్పుతూ కారుతో పాటు కెమెరాని నడిపించండి, నొక్కాక కూడా ఆపకండి. యాభై తీస్తే మూడు పనికొస్తాయి, ఆ మూడింటి కోసమే ఎదురు చూడాలి.

ఒంటిగంట_గరాజ్

అన్నా, ఫోటోకి ముందు ఓనర్‌తో ఐదు నిమిషాలు మాట్లాడు. ఆ ఏడాది ఛార్జర్‌లో హెడ్‌లైట్లు మూతల వెనక దాగి ఉంటాయి, ఇంజన్ గాలి పీల్చే బలంతో (వాక్యూమ్) తెరుచుకుంటాయి. మామూలుగా అడిగితే ఇంజన్ వేసి తెరిచి చూపిస్తారు. మూసి ఒకటి, తెరిచి ఒకటి తియ్యి, రెండూ వేర్వేరు ముఖాల్లా ఉంటాయి. ముందు చక్రం కొంచెం తిప్పమని కూడా అడుగు, కెమెరాకి టైరు కాకుండా రిమ్ కనిపించేలా. కెమెరా బెల్టు బకిల్ పెయింటుకి తగలనివ్వకు, నేను దాన్ని చొక్కా లోపలికి దోపుకుంటాను. నెట్‌లో పెట్టేముందు నంబర్ ప్లేట్ చెరపాలా అని ఆయన్నే అడుగు.

క్రోమ్‌పిచ్చి

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. అప్పుడే ఓనర్ నంబర్ తీసుకుని ఉన్నాను కాబట్టి ఫోన్ చేసి అడిగాను. ఖాళీ పార్కింగ్ స్థలానికి కారు తెచ్చారు, పక్క భాగం పడమటికి పెట్టారు. నల్ల చొక్కా వేసుకున్నాను. సూర్యుడు దిగాక మొదటి పది నిమిషాలు ఏమీ బాగా రాలేదు, నాకు టెన్షన్ పెరిగిపోయింది. తర్వాత ఒక్కసారిగా ఆ గీత కనిపించింది. ముందు ఫెండర్ దగ్గర వెంట్రుకలా మొదలై, తలుపు మీద సన్నబడి, వెనక చక్రం మీద వెడల్పయి, ఎర్ర లైటు దగ్గర ఆగింది. హెడ్‌లైట్ల మూతలు తెరిపించి ఇంకోటి తీశాను. ఎడమ మూత కుడిదానికన్నా ఒక క్షణం ఆలస్యంగా లేచింది. ఆయన దాన్ని ఇంకా బాగు చేయలేదట, నాకు మాత్రం అదే నచ్చింది.

పాతలెన్స్ గారూ, మీ క్యారమ్ మాట మర్చిపోలేను. ఆయన గరాజ్ గోడకి పెద్ద ప్రింట్ కావాలన్నారు. గ్లాసీ తీయించనా, మ్యాట్ తీయించనా?

పాతలెన్స్

గ్లాసీ. మ్యాట్ మీద ఆ నలుపు మళ్లీ బూడిదవుతుంది. గోడకి ఎదురుగా కిటికీ లేకుండా చూసుకోమను.