పట్టు మీటరెపుడు పదిల... తర్వాత ఏమిటి?

మసిబట్ట:
రెండు రోజులుగా ఒక పద్యపాదం బుర్రలో తిరుగుతోంది, పూర్తిగా రావడం లేదు. పని నేర్చుకునే రోజుల్లో మా మాష్టారు చెప్పిన ఆటవెలది. ఇంజన్ సెన్సర్లు చూడాలంటే ఎలాంటి మీటరు కావాలో ఆయన పద్యంలో కట్టి చెప్పేవారు. "పట్టు మీటరెపుడు పదిల" వరకు గ్యారంటీ. ఆ తర్వాత "పదిలమైన" అన్నారా, "పదిలక్ష యోములు" అన్నారా? మాష్టారు ఇప్పుడు లేరు. నేనేమో కొత్త మీటరు కొనబోతున్నాను, అందుకే ఈ టెన్షన్.

యతిస్థానం:
రెండూ కుదురుతాయి, అదే చిక్కు. ఆటవెలదిలో సరి పాదానికి ఐదూ సూర్యగణాలు, బేసి పాదానికి మూడు సూర్యగణాలు, ఆపై రెండు ఇంద్రగణాలు. "పదిల-మైన" అయితే అన్నీ సూర్యగణాలే, రెండో పాదమో నాలుగోదో అవుతుంది. "పదిలక్ష-యోములు" అయితే సలము, భగణం, రెండూ ఇంద్రగణాలు, అంటే బేసి పాదం. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, రెండింట్లోనూ ప-ప. ఎన్నో పాదమో చెప్పండి, నిమిషంలో తేల్చేస్తాను.

మసిబట్ట:
అది గుర్తుంటే ఇక్కడికి ఎందుకొస్తానండీ.

పాత సూదిమీటరు:
గణాలు కాసేపు పక్కన పెట్టి అర్థం చూడండి. ఓము (పద్యంలో యోము) అంటే విద్యుత్ నిరోధానికి కొలత. పది లక్షల ఓములంటే ఒక మెగాఓము. సెన్సర్ల పనికి డిజిటల్ మీటరు లోపలి నిరోధం 10 మెగాఓములు ఉండాలంటారు, అంటే కోటి. అది తక్కువైతే కొలవాల్సిన వోల్టేజీని మీటరే కిందికి లాగేస్తుంది. మా కాలపు సూదిమీటర్లు వోల్టుకు 20,000 ఓములు. 10 వోల్టుల రేంజిలో పెడితే మొత్తం రెండు లక్షలు. బ్యాటరీ చూడటానికి బంగారం. ఇంజన్ పొగలో ఆక్సిజన్ చూసే జిర్కోనియా సెన్సర్ మీద పెడితే మాత్రం కథ వేరు. అది బాగా వేడెక్కాక కూడా ఇచ్చేది 0.1 నుంచి 0.9 వోల్టే. సగం వేడిలో ఉంటే దాని సొంత నిరోధమే చాలా ఎక్కువ. అప్పుడు సూది చూపించేది మీటరు తాగగా మిగిలింది. ఇది తెలిసిన మాష్టారు "పదిలక్ష" అనరు. "పదిలమైన" అనే అని ఉంటారు.

అరసున్న:
అర్థం దగ్గరే నాకు అనుమానం. "పదిలం" అనేది దాచిన వస్తువుకు వాడతాం, దాచే పెట్టెకు కాదు. నగ పదిలం, ఉత్తరం పదిలం. "పదిలమైన మీటరు" అంటే చెవికి ఎక్కడో తేడా కొడుతోంది. "పట్టు మీటరెపుడు పదిలముగను" అయి ఉండదా? పదిల, ముగను, రెండూ నగణాలే, అంటే సూర్యగణాలే. అప్పుడు మీటరును జాగ్రత్తగా పట్టుకో అని అర్థం. ఏ మీటరు కొనాలో ఆ పాదంలో లేనే లేదు!

యతిస్థానం:
"ముగను"లో చివరి "ను" పాదం నింపడానికి తెచ్చింది. అయినా కాదనలేను, పద్యం కట్టే మాష్టార్లకు అదో ఆపద్బాంధవి.

ఉత్వసంధి:
అందరూ మూడో గణం దాటాక కొట్టుకుంటున్నారు, మొదటి మాట ఎవరూ చూడలేదు. "పట్టుమీటరు" సమాసం ఎందుకు కాకూడదు? తీగను దవడల మధ్య పట్టుకునే క్లాంప్ మీటరు!

పాత సూదిమీటరు:
తమ్ముడూ, క్లాంపు స్టార్టర్ ఎంత కరెంటు లాగుతోందో చూడటానికి. సెన్సర్ తీగలో పోయే ఆ కాస్త మిల్లీఆంపియర్లు దాని దవడకు ఆనవు. "పట్టు" ఇక్కడ క్రియే, ముగిసింది.

ఉత్వసంధి:
ముగియలేదు గానీ వదిలేస్తున్నాను.

అరసున్న:
బేసి పాదం తోక సరి పాదానికి అంటుకోవడం మనకు కొత్త కాదు. వేమన ఉప్పు-కప్పురం పద్యంలో రెండో పాదాన్ని "రుచుల జాడ వేరయా" అని చదివేవాళ్లను ఎంతమందిని చూశానో. అక్కడ "జాడ వేరు" అంతే. "వేరయా" మూడో పాదం సొత్తు, పుణ్యపురుషుల దగ్గరది. మసిబట్ట గారి జ్ఞాపకంలోనూ అదే జరిగి ఉండొచ్చు, రెండు పాదాలు కలిసిపోయాయి.

యతిస్థానం:
ఆ రెండో పాదంలో చూడ-జాడ ప్రాసయతి (మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం) ఎంత హాయిగా పడిందో చూశారా? వేమనలో నాకు నచ్చేది అదే. ఎక్కడా చెమట కనపడదు.

ఉత్వసంధి:
బ్రౌన్ వేమన పద్యాలు అచ్చు వేయించింది 1829లో. ఓమ్ తన సూత్రం ఉన్న పుస్తకం వేసింది 1827లో. రెండేళ్ల తేడా! ఇంతకీ "ఓము" అని రాయాలా "ఓమ్" అనా? "ఓం" అని రాస్తే మీటరు మీద మంత్రం చదివినట్టుంటుంది.

పాత సూదిమీటరు:
కొత్త మీటరు మొదటిసారి ఆన్ చేసేటప్పుడు అదీ చదవండి, తప్పులేదు.

యతిస్థానం:
రాత్రంతా ఆలోచించాను. శాస్త్రం కోటి అంటోంది కాబట్టి పాఠం ఇదై ఉండాలి: "కొలుచు మీటరెపుడు కోటి యోము". ఐదూ సూర్యగణాలే, యతి కొ-కో. అర్థానికి అర్థం, లక్షణానికి లక్షణం.

అరసున్న:
అయ్యా, మీరు పాఠం సరిచేయలేదు, కొత్త పద్యం రాశారు. ఆయన "పట్టు" వరకు గ్యారంటీ అన్నారు కదా.

ఉత్వసంధి:
"పదిలక్ష" తరఫున ఒక్క మాట. వోల్టేజీ తరంగాన్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపు ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా ఒక మెగాఓమే, అంటే సరిగ్గా పది లక్షలు. పదిరెట్ల ప్రోబు తగిలిస్తే కోటి. మాష్టారు స్కోపు వాడే మనిషైతే?

పాత సూదిమీటరు:
ఇది మాత్రం బాగుంది, ఒప్పుకుంటున్నాను. ఇంజన్‌తో తిరిగే పళ్ల చక్రాన్ని చూసే క్రాంక్ సెన్సర్ తరంగం సరిగ్గా చూడాలంటే స్కోపే. మీటరు సెకనుకు మూడు నాలుగుసార్లు అంకె మారుస్తుంది, మధ్యలో ఒక పన్ను సంకేతం ఎగిరిపోయినా దానికి తెలియదు. కానీ పద్యంలో "మీటరు" అని స్పష్టంగా ఉంది. మసిబట్ట గారూ, పద్యం తేలేలోపు దుకాణం మూసేస్తారు. 10 మెగాఓములది, హెర్ట్జ్, డ్యూటీ సైకిల్ (సంకేతం ఎంత శాతం సేపు ఆన్‌లో ఉందో), కనిష్ఠ-గరిష్ఠం పట్టి ఉంచే బటన్ ఉన్నది తీసుకోండి. త్రాటిల్ సెన్సర్‌ను మెల్లగా తిప్పేటప్పుడు అంకెల కింద కడ్డీ గీత ఉంటే ఎక్కడ తడబడిందో కంటికి తెలుస్తుంది. తక్కువ నిరోధం మోడ్ కొన్ని మీటర్లకు ఉంటుంది, దొంగ వోల్టేజీ, అంటే అసలు సరఫరా లేకున్నా పక్క తీగల వల్ల కనిపించేది, తేల్చడానికి. సెన్సర్ మీద ఉన్నప్పుడు అటు తిప్పకండి.

మసిబట్ట:
అలాంటిదే తీసుకున్నానండీ, థాంక్స్. టెస్ట్ ల్యాంపుతో సెన్సర్ తీగ గుచ్చితే మాష్టారు చెయ్యి మీద కొట్టేవారు, ఆ బల్బు లాగే కరెంటుకి కంట్రోల్ యూనిట్ పోతుందని. నిన్న కూలెంట్ సెన్సర్ ప్లగ్గు ఊడదీసి ఓములు చూస్తుంటే ఇంకో పాదం తన్నుకొచ్చింది: "వేడి యెక్కు కొలది విలువ తగ్గు". చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు వేల ఓములుండేది 80 డిగ్రీల దగ్గర మూడు వందలకు దిగుతుంది కదా, అదీ సంగతి. ఇది ఆ "పట్టు మీటరు" పాదం వెంటనే వచ్చేదని గుర్తు.

ఉత్వసంధి:
చూశారా! ఇది సరి పాదం. వెంటనే వచ్చేదైతే ముందున్నది బేసి. పదిలక్షే!

పాత సూదిమీటరు:
ఒకటే పద్యమని ఎవరన్నారు? కొలిచేది నిరోధమైతే లోపలి కోటితో పనేముంది? ఇది వేరే పద్యం.

మసిబట్ట:
వేరేదేమో కూడా. రెండూ ఒకే రాగంలో చదివేవారు.

యతిస్థానం:
అది తర్వాత. వే-వి యతి బాగానే ఉంది. కానీ "యెక్కు కొలది" అన్నారా, "యెక్కు కొద్ది" అన్నారా? రెండూ కుదురుతాయి.