మాంచెస్టర్ యునైటెడ్ దుస్థితికి కారణం మేనేజర్లా, కొనుగోళ్లా?

అలిపిరి యునైటెడ్ (తిరుపతి):
2013లో మేనేజర్ (ప్రధాన శిక్షకుడు) అలెక్స్ ఫెర్గూసన్ తన 13వ లీగ్ టైటిల్ అందించి విరమించుకున్న తర్వాత మా క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ మళ్లీ ఇంగ్లండ్ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ అయిన ప్రీమియర్ లీగ్ గెలవలేదు. మోయెస్, వాన్ గాల్, మౌరిన్హో, సోల్‌షేర్, టెన్ హాగ్, అమోరిమ్ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అయినా 2024-25 సీజన్‌ను 15వ స్థానంలో ముగించాం. విశ్వవిద్యాలయ మైదానంలో సాయంత్రం ఆడుకున్నాక మిత్రుల మధ్య రోజూ ఇదే వాదన. మేనేజర్లకు తగినంత సమయం ఇవ్వకపోవడమే తప్పని కొందరు, ఆటగాళ్లను కొనే పద్ధతిలోనే లోపముందని మరికొందరు అంటున్నారు. అసలు కారణం ఏదని మీరు భావిస్తున్నారో వివరంగా రాయగలరు.

పుత్తూరు ఆర్సెనల్:
ఓపిక లేకపోవడమే కారణమని నా నమ్మకం. ఫెర్గూసన్ 1986 నవంబరులో బాధ్యతలు తీసుకుంటే, మొదటి ట్రోఫీగా ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్‌ల నాకౌట్ పోటీ) 1990లోను, మొదటి లీగ్ టైటిల్ 1993లోను వచ్చాయి. ఆయన తర్వాత వచ్చిన మోయెస్‌కు ఆరేళ్ల ఒప్పందం ఇచ్చి, మొదటి సీజన్ అయినా పూర్తి కాకముందే సాగనంపారు. మా ఆర్సెనల్‌లో మేనేజర్ ఆర్తెతా హయాంలో జట్టు వరుసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానంలో నిలిచినా యాజమాన్యం ఆయనను మార్చలేదు. 2022-23 నుంచి వరుసగా మూడు సీజన్లు రెండో స్థానంలో నిలిచామంటే ఆ నమ్మకం వృథా కానట్టే కదా.

చిత్తూరు లివర్‌పూల్:
పుత్తూరు మిత్రులతో సగమే ఏకీభవిస్తాను. యునైటెడ్ మేనేజర్‌ను మార్చిన ప్రతిసారీ ఆటతీరును, దానితోపాటు కొనవలసిన ఆటగాళ్ల రకాన్ని కూడా మార్చుకుంది. టెన్ హాగ్ కోసం ఆయన పాత క్లబ్ అయాక్స్ నుంచి ఆంటొనీని 8 కోట్ల పౌండ్లకు పైగా వెచ్చించి తెచ్చారు. తర్వాత వచ్చిన అమోరిమ్ ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో (మధ్యలో ఆడే రక్షకులు), వింగ్ బ్యాక్‌లతో (అంచుల వెంట దాడికీ, రక్షణకూ పరుగెత్తేవారు) ఆడించే మనిషి కాగా, ఆయన చేతికి అందింది మరో పద్ధతి కోసం కూర్చిన జట్టు. మా వైపు మామిడి రైతులను అడగండి, రెండేళ్లకోసారి చెట్లు కొట్టి వేరే రకం అంట్లు నాటితే కాపు ఎప్పుడు చూస్తామంటారు. మిడ్‌ఫీల్డర్ పోగ్బా సంగతి మరీ బాధాకరం: 2012లో ఉచితంగా వదులుకున్న ఆటగాడిని 2016లో 8.9 కోట్ల పౌండ్లకు, అప్పటి ప్రపంచ రికార్డు ధరకు తిరిగి కొని, 2022లో మళ్లీ ఉచితంగానే పంపించారు.

దీనికి భిన్నంగా మా క్లబ్ లివర్‌పూల్ 2018 జనవరిలో దాడి ఆటగాడు కూటిన్యోను బార్సిలోనాకు అమ్మింది. వెనుక వరుసలో అవసరమైన వాన్ డైక్ ఆ నెలలోనే, గోల్‌కీపర్ అలిసన్ ఆ వేసవిలో వచ్చారు. 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో 30 ఏళ్ల నిరీక్షణ తర్వాత లీగ్ టైటిల్ మాకు దక్కాయి.

అలిపిరి యునైటెడ్ (తిరుపతి):
పోగ్బా విషయంలో మీ మాటను కాదనలేను. అయితే మీ మేనేజర్ క్లాప్‌కు 2015 నుంచి 2024 వరకు అవకాశం ఇచ్చారు కాబట్టే ఆ కొనుగోళ్లు ఫలించాయని, అంటే చివరికి పుత్తూరు మిత్రులు చెప్పినదే నిజమని ఎందుకు అనుకోకూడదు?

చిత్తూరు లివర్‌పూల్:
క్లాప్ వెళ్లిపోయాక ఏం జరిగిందో చూడండి. 2024లో ఆయన స్థానంలో మేనేజర్‌గా స్లాట్ వచ్చిన వేసవిలో ఆ సీజన్ ఆడేందుకు కొత్తగా చేరిన పేరున్న ఆటగాడు కియేసా ఒక్కడే, అతనికీ ఆడే అవకాశం అంతగా రాలేదు. అయినా పాత జట్టుతోనే స్లాట్ తన మొదటి సీజన్‌లోనే లీగ్ గెలిచారు. మేనేజర్ మారినా, ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి మారలేదు. యునైటెడ్‌లో ఆ పద్ధతిని కాపాడవలసినవారు మేనేజర్ కంటే పైన ఉన్నారు. మీ మైదానంలో వాదన వారి గురించి జరగాలని నా కోరిక.