శాతవాహనుల నాణేలకు సీసం ఎక్కడిది? మన అగ్నిగుండాల ఊరి గనిదా, ఓడల్లో దిగిందా?

గుంటూరు నుంచి: శాతవాహనులు సీసంతో బోలెడు నాణేలు వేయించారు. వినుకొండ దగ్గర అగ్నిగుండాల పక్కన బండలమొట్టులో సీసపు గని ఉంది. హిందుస్థాన్ జింక్ దాన్ని కొన్నేళ్ళు నడిపి మూసేసింది. శాతవాహనుల కేంద్రమైన అమరావతికి ఇంత దగ్గర్లో ఖనిజం పెట్టుకుని బయట కొనాల్సిన ఖర్మ ఏమిటి? అది మన సీసమే.

విజయవాడ నుంచి: దగ్గర్లో ఉన్నంత మాత్రాన తవ్వారని కాదన్నా. భారతదేశంలో సీసం లేదని, ముత్యాలు, రత్నాలు ఇచ్చి కొనుక్కుంటారని ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు. గుజరాత్ రేవు భరుకచ్ఛంలో (ఇప్పటి భరూచ్) దిగిన సరుకుల్లో సీసం ఉందని ఆ కాలపు గ్రీకు సముద్ర వ్యాపార గ్రంథం పెరిప్లస్ చెబుతుంది. శాతవాహన రాజు పులుమావి సీసపు నాణెం మీద ఓడ బొమ్మే ఉంది.

గుంటూరు నుంచే మరొకణ్ణి, జియాలజీ చదివినవాణ్ణి: ప్లినీ మాట నమ్మకండి. రాజస్థాన్‌లోని దరీబా, అగుచాల్లో క్రీస్తుకు పూర్వమే సీసం తవ్వారు. ఓడ బొమ్మ వ్యాపారం సంగతి చెబుతుంది గానీ ఆ నాణెంలోని సీసం ఎక్కడిదో చెప్పదు.

బండలమొట్టు ఖనిజం పేరు గెలీనా. మా బంధువుల ఇంట్లో పిడికెడు ముక్క ఉంది. చేతిలోకి తీసుకోగానే బరువుకి ఉలిక్కిపడతాం, నీటికి ఏడున్నర రెట్ల బరువు మరి. సుత్తితో కొడితే చిన్న చిన్న ఘనాలుగా విడిపోతుంది, ఒక్కో ముఖం అద్దంలా మెరుస్తుంది. అందులో 86 శాతం పైగా సీసమే. మిగతాది గంధకం. కట్టెల మంట మీదే సీసం తీయొచ్చు, అది 327 డిగ్రీలకే కరుగుతుంది. కాబట్టి శాతవాహనుల కాలపువాళ్ళకు చేతకాని పని కాదు.

అయినా 'మనదే' అని నేను ఇప్పుడే అనను. అగ్నిగుండాల చుట్టూ పాత తవ్వకాల గుంతలున్నాయి, నిజమే. పక్కనే నల్లకొండలో రాగి ఉంది, ఆ గుంతలు రాగి కోసం తవ్వినవి కావచ్చు.

తేల్చే దారి ఐసోటోపులు. సీసంలో నాలుగు రకాల పరమాణువులు ఉంటాయి: 204, 206, 207, 208. వాటి పాళ్ళు గనిని బట్టి, ఖనిజం వయసుని బట్టి మారతాయి, కొలిమిలో కరిగించినా చెదరవు. బండలమొట్టు ఖనిజం ఉన్న డోలమైటు వంద కోట్ల ఏళ్ళు దాటిన రాయి. రోమన్లు తవ్విన స్పెయిన్ గనుల ఖనిజం అంతకంటే చాలా తర్వాతిది. రెండింటి పాళ్ళూ ఒకలా ఉండవు. ఒకటే చిక్కు, పాత నాణేలు కరిగించి కలిపేసి ఉంటే లెక్క కలగాపులగమవుతుంది. అందుకని ఒకటి రెండు నాణేలు చాలవు, వేర్వేరు చోట్ల దొరికినవి కావాలి.

విజయవాడ నుంచి: ప్లినీ విషయంలో ఒప్పుకుంటున్నాను. రాజస్థాన్ సీసం ఇక్కడికి వచ్చి ఉండొచ్చు కదా?

జియాలజీ చదివినవాణ్ణి: రావచ్చు. పోల్చేటప్పుడు దరీబా ఖనిజాన్నీ పక్కన పెట్టాల్సిందే.