చేతులు కాళ్లు చల్లబడితే చైనా వైద్యం వాడొచ్చా?

సింగపూర్_కోడలు:
మా చెల్లికి ఏసీ గదిలో కాసేపు కూర్చుంటే చాలు, చేతులూ పాదాలూ మంచుగడ్డలైపోతాయి. ఇక్కడి చైనా వైద్యుడు నాలుక, నాడి చూసి యాంగ్ (ఒంట్లో వేడినిచ్చే శక్తి) తగ్గిందన్నారు, కషాయం ఇస్తామన్నారు. మావారు వద్దంటున్నారు. మీరేమంటారు?

కొండమామిడి:
వద్దనేముందు ఆ వైద్యం ఎలా ఆలోచిస్తుందో చూడాలండీ. చల్లదనం అందరిదీ ఒకటే, మందు మాత్రం ఒకటి కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో చైనా వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ రాసిన షాంగ్ హాన్ లున్ అనే వైద్యగ్రంథంలోనే మూడు దారులున్నాయి. నాడి అందక, మనిషి మగతగా పడి ఉంటే సీ నీ తాంగ్ అనే కషాయం: ఫూజీ అనే వేరు, శొంఠి, అతిమధురం. రక్తం చాలక నాడి దారంలా సన్నబడితే దాంగ్‌గుయ్ సీ నీ తాంగ్. మనసులో కుక్కుకున్న బాధతో చీ (ప్రాణశక్తి) లోపలే ఆగిపోతే సీ నీ సాన్ అనే పొడి. అందులో ఫూజీ లేదు, శొంఠీ లేదు. ఇంత తేడా పట్టే వైద్యాన్ని కొట్టిపారేయడం అన్యాయం.

మందులకొట్టు:
తేడా పట్టడం బాగుంది. దినుసుల మాటేంటి? ఫూజీ మన వసనాభి జాతి మొక్క వేరు. సరిగ్గా శుద్ధి చేసి చాలాసేపు ఉడికించకపోతే అందులోని అకోనిటిన్ అనే విషం గుండె లయ తప్పిస్తుంది. రెండో కషాయంలో ము తోంగ్ అనే తీగ కాడ ఉంది. ఆ పేరుతో ఏళ్ల తరబడి గ్వాన్ ము తోంగ్ అనే వేరే మొక్కను అమ్మారు. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, కేన్సర్ తెస్తుంది. 2003లో చైనాయే దాన్ని ఆపేసింది.
అమ్మా, చెల్లికి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూపించారా? చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి, నీలమై, మళ్లీ ఎర్రబడుతున్నాయా? అలా అయితే అది 1862లో ఫ్రెంచి డాక్టరు మారిస్ రేనో వర్ణించిన, చలికి వేళ్ల రక్తనాళాలు ముడుచుకుపోయే జబ్బు కావచ్చు.

కొండమామిడి:
అది మొక్క మార్చి అమ్మినవాళ్ల పాపం, వైద్యానిది కాదు. జపాన్‌లో ఇదే రెండో కషాయానికి మరో రెండు దినుసులు కలిపి, చలిపుళ్లకు (చలికి వేళ్లు వాచి దురదపెట్టడం) డాక్టర్లే రాస్తారు, బీమా కూడా వర్తిస్తుంది.

మందులకొట్టు:
అక్కడ రాసేది డాక్టరే, కంపెనీలో పరీక్షించిన పొడే ఇస్తారు. మన కోడలుగారికి దొరికేది అదేనని మీరు చెప్పగలరా? కొట్టులో పొట్లం కట్టిచ్చే వేర్లను నేను నమ్మను.

సింగపూర్_కోడలు:
రక్తపరీక్షలు చేయించలేదండీ. వేళ్లు తెల్లబడటం మాత్రం నేనూ చూశాను, సరిగ్గా కణుపు దగ్గర గీత గీసినట్టు. ముందు డాక్టరు దగ్గరికే తీసుకెళ్తాను. కషాయంలో ఏమేం వేస్తారో రాయించుకుని ఇక్కడ పెడతాను, ఇద్దరూ చూడండి.